ఆఖరిసారి ఎప్పుడు తిన్నరు?

"మేడం! పేషంట్ ఇటున్నడు! అటు పోతరేంది?"

హుమేరాతో నేను మాట్లాడిన మొదటి మాట అది. మాట్లాడాను అనడం కంటే అరిచాను అనడమే నిజం.

కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే దారిలో, మేడిపల్లి దాటాక ఒక మలుపు. పొద్దుటి నుంచి ముసురు. పొలాల్లోంచి రోడ్డెక్కిన ట్రాక్టర్లు వదిలిన బురద మీద అక్షయ్ అనే కాలేజీ కుర్రాడి బైకు జారింది. జారినది జారినట్టే పోయి, ఎదురుగా వస్తున్న బక్కయ్య అనే కూలీ మనిషి మోపెడ్‌ను కొట్టింది. వెనకాలే వస్తున్న నేను బ్రేకు వేశాను. నా స్కూటీ ఒక దిక్కు, నేనొక దిక్కు, జగిత్యాలలో ఒక స్కూలుకు ఇవ్వాల్సిన తెల్లబట్ట తాను ఇంకో దిక్కు.

నా పేరు షాకీర్. కోరుట్లలో బట్టల దుకాణం. సిరిసిల్ల నుంచి బట్ట తెస్తాను, ఇక్కడ అమ్ముతాను. దుకాణంలో మాకొక పద్ధతి ఉంది. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు ముందు బట్ట చింపి ఇస్తాం. మూలన నిలబడి ఊరికే చూసే గిరాకీ ఎలాగూ ఆగుతుంది, లేదా వెళ్లిపోతుంది. అదే లెక్క ఆ రోజు రోడ్డు మీద కూడా వేశాను.

అక్షయ్ అరుస్తున్నాడు. మోకాలి కింద చీరుకుపోయి రక్తం కారుతోంది. "అమ్మా! నా కాలు పోయింది! అన్నా, నా కాలు చూడన్నా!" అని ఊరంతా వినపడేలా అరుస్తున్నాడు. బక్కయ్య మాత్రం లేచి, నాలుగడుగులు వేసి, కల్వర్టు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నాకేం గాలే. ఆ పిలగాన్ని చూడుండ్రి," అన్నాడు. మంచి మనిషి, తగువు లేదు అనుకుని, "పెద్దాయనా, జర పక్కకు కూసో," అని చెప్పి అక్షయ్ దగ్గరికి వెళ్లాను. నూట ఎనిమిదికి ఫోన్ చేసింది కూడా నేనే.

బండి వచ్చింది. నీలం యూనిఫారంలో ఒకమ్మాయి దిగింది. దిగగానే పరిగెత్తలేదు. ఒక్క క్షణం నిలబడి రోడ్డు అటూ ఇటూ చూసింది, కింద పడ్డ బళ్లు చూసింది, మమ్మల్ని ముగ్గుర్నీ చూసింది. తర్వాత అరుస్తున్న అక్షయ్‌ను దాటుకుని నేరుగా బక్కయ్య దగ్గరికి వెళ్లింది.

అప్పుడే నేను అరిచింది.

ఆమె తల కూడా తిప్పలేదు. "ఆయన అరుస్తుండంటే ఊపిరి మంచిగ ఆడుతున్నట్టే. చప్పుడు చేస్తలేనోళ్లను ముందుగాల చూడాలె," అంది. బక్కయ్య ముందు మోకాళ్ల మీద కూర్చుని భుజం తట్టింది. "కాకా, నా మాట వినవడుతుందా? పేరేంది?"

"బక్కయ్య... దూప అయితంది బిడ్డా."

దాహం అన్నాడు కదా అని నా బాటిల్ మూత తీసి అతని నోటి దగ్గర పెట్టాను. ఆమె చేయి గాలిలోనే బాటిల్ లాక్కుంది.

"నీళ్లు ఇయ్యకుండ్రి!"

"దూప అంటుండు మేడం! మనిషి దూపకు సచ్చిపోతే?"

"లోపల రక్తం కారినా గిట్లనే దూప అయితది. చేతులు సల్లగున్నయ్, నాడి ఉరుకుతుంది, మొఖం పాలిపోయింది. ఆపరేషన్ పడొచ్చు. కడుపుల నీళ్లు ఉండొద్దు." అప్పుడు నా వైపు చూసింది. "ఈయనకు ఏం గాలేదని మీకు ఎవరు చెప్పిండ్రు?"

"ఆయనే చెప్పిండు."

"మీ దుకాణంల గిరాకీ ఏం చెప్తే అది నమ్ముతరా?"

నాకు దుకాణం ఉందని ఆమెకు ఎలా తెలుసో నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, నా చెవి మీద ఇంకా పెన్సిల్ ఉందని.

"ఈ తెల్లబట్ట ఎవరిది?"

"నాదే. స్కూలుకు..."

కర్రున చింపింది. స్కేలు లేదు, టేపు లేదు, సరిగ్గా మూరెడు. నా చేతిలో పెట్టి, "ఆ పిలగాని దెబ్బ మీద పెట్టి గట్టిగ ఒత్తి పట్టుకోండి. తీసి తీసి చూడకుండ్రి," అంది. పదేళ్లుగా బట్ట చింపుతున్నాను, అంత సూటిగా చింపిన చేతిని నేను చూడలేదు. నష్టం మూరెడు బట్ట. లాభం సంగతి ఆ క్షణంలో నాకింకా తెలియదు.

అందరం ఒకే బండిలో ఎక్కాం. స్ట్రెచర్ మీద ఆక్సిజన్‌తో బక్కయ్య, బెంచీ మీద అక్షయ్, వాడి పక్కన నుదురు చీరుకుపోయిన నేను. అంబులెన్స్ నడిపేవాణ్ణి పైలట్ అంటారని అప్పుడే తెలిసింది. పైలట్ పేరు సాగర్. విమానం నడిపినట్టే నడిపాడు. ఆమె ఒక చేత్తో బక్కయ్య మణికట్టు పట్టుకుని, వాళ్లిద్దరి పని అయ్యాక నా వైపు తిరిగింది. చిన్న టార్చి వేసి నా కళ్లలోకి చూసింది.

"ఇటు చూడుండ్రి. పేరు?"

"షాకీర్."

"ఇయ్యాల ఏం వారం?"

"గురువారం."

"ఏమన్న మందులు వాడుతరా? ఏ మందన్న పడదా?"

"లేదు. తెల్వదు."

"ఆఖరిసారి ఎప్పుడు తిన్నరు? ఏం తిన్నరు?"

ఇరవై తొమ్మిదేళ్ల జీవితంలో మా అమ్మీ తప్ప ఇంకో ఆడమనిషి నన్ను ఈ ప్రశ్న అడగలేదు. "పొద్దుగాల. రెండు ఇడ్లీలు," అన్నాను.

"గింతేనా?"

ఆ ఒక్క మాటకు బండి బయట వాన కూడా మెత్తబడినట్టు అనిపించింది. ఆమె నా మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. కనుబొమ్మలు ముడివేసింది.

"నూట పన్నెండు. గీ చిన్న దెబ్బకు గింత కొట్టుకోవద్దు. భయపడ్డరా?"

"ఇప్పుడు పడుతున్న," అన్నాను.

ముందు సీట్లోంచి సాగర్ దగ్గాడు. ఆమె బ్యాడ్జి మీద పేరు ఉంది. హుమేరా.

*

జగిత్యాల ఆసుపత్రిలో బక్కయ్యకు ఆ రోజే కడుపు ఆపరేషన్ చేశారు. లోపల రక్తం కారుతోందట. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టర్ చెప్పాడని బక్కయ్య భార్య బాలమణి ఏడుస్తూ చెప్పింది. "జర పక్కకు కూసో" అని ఆ మనిషిని గోడ పక్కన కూర్చోబెట్టింది నేనే.

వారం రోజుల్లో మూడుసార్లు వెళ్లి చూశాను. మూడోసారి బక్కయ్య లేచి కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు.

"సేటూ, నన్ను చూడనీకె అస్తున్నవా, ఆ నూట ఎనిమిది బండి ఏడ ఆగుతదో అడగనీకె అస్తున్నవా?"

"రెండిటికి."

"గట్ల చెప్పు. పాత బస్టాండు కాడ ఆగుతదట. పో."

వ్యాపారి ఖాళీ చేతులతో వెళ్లడు. తానులో మిగిలిన తెల్లబట్టను మూడు మూలలుగా కత్తిరించి, అంచులు కుట్టించి, విరిగిన చేతికి జోలెలా కట్టే ముక్కలు ఇరవై తీసుకెళ్లాను. హుమేరా వాటిని తిప్పి తిప్పి చూసింది.

"గివి మాకు డిపార్ట్‌మెంటే ఇస్తది."

"గింత మంచి బట్ట ఇయ్యరు. సిరిసిల్ల నూలు."

"మాది సిరిసిల్లనే. మా అబ్బా నలభై ఏండ్ల సంది బట్ట నేసే సాంచాలు రిపేర్ చేస్తడు. నాకే సిరిసిల్ల బట్ట అమ్ముతరా?"

సాగర్ స్టీరింగ్ మీద గడ్డం ఆనించి, "మేడం, పేషంట్ నుదురు మానింది. ఇంకేం తకలీఫ్ ఉన్నదో అడుగుండ్రి," అన్నాడు.

నేను దాచలేదు. సరుకు నచ్చితే నచ్చిందని చెప్పడం నా పద్ధతి. "ఆ రోజు మీరు నన్ను చాన మంచిగ అడిగిండ్రు. మందులేమన్న వాడుతరా, ఆఖరిసారి ఎప్పుడు తిన్నరు అని. గప్పటిసంది నాకు..."

హుమేరా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. సాగర్ అయితే హారన్ మీదే పడి నవ్వాడు. రోడ్డు మీద వాళ్లు దారి ఇచ్చారు.

"షాకీర్ గారూ, అవి అందర్ని అడుగుతం. గది మా లిస్టు. మొన్న ముత్యంపేట కాడ తొంభై ఏండ్ల తాతను గూడ అడిగిన."

"మందులు, తిండి... అన్ని?"

"అన్ని."

నా అంచనా ఇంత ఘోరంగా ఎప్పుడూ తప్పలేదు. స్కూటీ తాళం తీసుకున్నాను. రెండడుగులు వేసి, వ్యాపారి ప్రాణం కదా, ఆఖరి బేరం ఆడకుండా పోలేక వెనక్కి తిరిగాను.

"ఒక్కటి చెప్పుండ్రి. 'గింతేనా' అని గూడ లిస్టుల ఉన్నదా? ఆ తాతను గూడ 'గింతేనా' అన్నరా?"

హుమేరా నవ్వు ఆగింది. పైకి చూసింది, వాన మొదలైందా అన్నట్టు. వాన లేదు.

"బక్కయ్య కాకాను చూడనీకె మూడుసార్లు పోయినవట గదా," అంది నెమ్మదిగా. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. నేను గమనించాను. "చానమంది ఫోన్ చేస్తరు, ఫోటో తీసుకుంటరు, పోతరు. పేషంట్ ఏమైండని మళ్లొచ్చి అడిగినోళ్లను నేను తక్కువ చూసిన."

"తప్పు నాదే గదా. ఆయనను నేనే పక్కకు కూసోవెట్టిన."

"గందుకే చెప్తున్న," అంది. "వచ్చే గురువారం నాకు పగటి డ్యూటీ."

*

ఆ తర్వాత గురువారాలు నా దుకాణానికి సెలవులా మారాయి. సిరిసిల్లకు సరుకు కోసం వెళ్తూ జగిత్యాలలో గంట, వస్తూ గంట. మా ఇద్దరి ఇళ్లలోనూ ఉర్దూనే మాట్లాడతాం. కానీ ప్రమాదం తెలుగులో జరిగింది కాబట్టి మా పరిచయం కూడా తెలుగులోనే నడిచింది.

ప్రేమికులు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. హుమేరా మాత్రం నాకు పాఠం చెప్పేది, సాగర్‌ను బెంచీ మీద పడుకోబెట్టి.

"పేషంట్ పడ్డడు. ముందు ఏం చేస్తవ్?"

"ఉరుకుత."

"తప్పు. ముందు నిలవడు. చుట్టూ చూడు. కరెంటు తీగ ఉన్నదా, బండి అస్తుందా? నువ్వు గూడ పడ్డవనుకో, ఒక్క పేషంట్ ఇద్దరైతరు. తర్వాత?"

"భుజం తట్టి పిలుస్త. పలికితే పేరు అడుగుత. పలకకుంటె ఊపిరి చూస్త."

"ఎట్ల?"

"ఛాతి లేస్తుందా చూస్త. నాడి చూస్త. రక్తం కారుతుందా చూస్త. తర్వాత అడుగుత. ఏమైంది, ఏ మందులు వాడుతరు, ఏం రోగమున్నది, ఆఖరిసారి ఎప్పుడు తిన్నరు..."

"బేహోష్ అయినోని నోట్లె నీళ్లు?"

"సచ్చినా పొయ్య."

"సేటు పాసైండు," అనేవాడు సాగర్ కళ్లు మూసుకునే. "జర ఛాయ్ పొయ్యుండ్రి, నేను హోష్‌లనే ఉన్న."

నాలుగు నెలలు గడిచాక ఒక రోజు నేను ఆమె ముందు అసలు మాట పెట్టాను. హుమేరా ఛాయ్ గ్లాసు అరచేతుల మధ్య తిప్పి కింద పెట్టింది.

"మా అబ్బాతోని మాట్లాడు. ఆయన కాదనడు. గని ఒక్క మాట, షాకీర్. నేను డ్యూటీ మానను."

"మానమని నేనెప్పుడన్న?"

"నువ్వు అనవు. మీ అమ్మీ అంటది. అప్పుడు గా మాట నువ్వు చెప్పాలె, అందరి ముందర. నాతోని చెప్పియ్యకు. మా అబ్బాతోని చెప్పియ్యకు. నేను పర్దా ఎనక కూసోని వింటుంట. నీ గొంతు వినవడకపోతే, నేను బయటికి వచ్చి సలామ్ చెప్పి పంపిస్త."

"చెప్త," అన్నాను. "ఖాయం."

*

డిసెంబర్‌లో ఒక ఆదివారం. అమ్మీతో కలిసి సిరిసిల్ల వెళ్లాను. మా అబ్బా లేరు, కాబట్టి ఇంట్లో పెద్ద దిక్కు అంతా మా అమ్మీ సయీదా బేగమే. దారిలో వేములవాడ దగ్గర గుడికొచ్చిన జనంలో బస్సుల వెనక ఇరుక్కుని, పన్నెండు గంటలకు చేరాల్సినవాళ్లం పన్నెండున్నరకు చేరాం.

హుమేరా నాన్న జలాలుద్దీన్ చాచా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్లు సాంచాల చప్పుడులో బతికిన మనిషి. ఆయన మామూలుగా మాట్లాడినా పక్క వీధి తలుపులు తెరుచుకుంటాయి.

"రాండ్రి రాండ్రి! నాహీద్! మెహమాన్లు అచ్చిండ్రు! బిర్యానీ దింపు!"

పలకరింపులయ్యాయి. చాచా ఒక్క నిమిషం లోపలికి వెళ్లి వచ్చి కూర్చున్నాడు. నాహీద్ చాచీ ఎర్రటి షర్బత్ గ్లాసులు తెచ్చి పెట్టింది. నేను చేయి చాచాను. అమ్మీ నా చేతి మీద ఒక్కటి వేసింది.

మా ఇంట్లో ఒక రివాజు ఉంది. సంబంధం మాట తేలకముందు ఆ ఇంటి ఉప్పు, తీపి ఏదీ ముట్టకూడదు. ముట్టాక కాదంటే మర్యాద కాదు. అందుకని అమ్మీ తినదు, నన్ను తిననివ్వదు. వాళ్లింట్లో ఇంకో రివాజు. మెహమాన్లు తినకముందు ఇంటి యజమాని మెతుకు ముట్టడు. ఈ రెండు రివాజుల మధ్య లోపల బిర్యానీ చల్లారుతోంది.

మాటలు ఉర్దూలోనే మొదలయ్యాయి, తెలుగు చేసి చెబుతున్నాను. అమ్మీ నేరుగా విషయంలోకి దిగింది.

"పిల్ల బంగారం. నాకేం ఎతరాజ్ లేదు. పెండ్లయినంక ఆ అంబులెన్స్ నౌకరీ బంద్ చెయ్యాలె. గంతే."

"బంద్ ఎందుకు చేస్తది?" చాచా గొంతుకు కిటికీ అద్దాలు అదిరాయి. "నా బిడ్డ చదువుకున్నది! ఎంతమందిని బతికిచ్చిందో ఎరికేనా?"

"బతికియ్యనీ, నేనొద్దంటున్ననా? గని కొత్త కోడలు రోడ్ల మీద, రక్తంల, మగోళ్ల నడుమ..."

"రక్తంల ఉన్నోనికి మగ ఆడ ఏముంటదమ్మా?"

పది నిమిషాలైంది. ఇరవై అయింది. పర్దా వెనక గాజుల చప్పుడు ఒకసారి వినిపించింది. హుమేరా అక్కడే ఉంది. నా గొంతు కోసం ఎదురుచూస్తోంది.

నేను నోరు తెరవలేదు. మరిచిపోయి కాదు, భయపడి కూడా కాదు. లెక్క వేసుకుని. రెండు పక్షాలూ తమ మాటలన్నీ ఖర్చు చేసుకున్నాక మధ్యలో దిగితే బేరం తొందరగా తెగుతుందని నా అనుభవం. ముందే దిగితే అమ్మీ మొండికేస్తుంది. ఇంకొంచెం ఆగుదాం, ఇంకొంచెం ఆగుదాం అని కూర్చున్నాను. గోడ గడియారం ఒకటిన్నర దాటింది.

"నా బిడ్డ డ్యూటీ..." అని చాచా మళ్లీ మొదలుపెట్టాడు. అక్కడే ఆగిపోయాడు. వెనక్కి జరిగి తకియా దిండుకు ఆనుకున్నాడు. మౌనంగా కుర్తా గుండీని వేళ్లతో తడుముతూ కూర్చున్నాడు.

అమ్మీ నా వైపు వంగి మోచేత్తో పొడిచింది. "సల్లవడ్డడు. పని అయినట్టే."

నిజానికి నాకూ ఒక్క క్షణం అలాగే అనిపించింది. దుకాణంలో గిరాకీ వాదన ఆపి, బట్ట కొస పట్టుకుని తడిమాడంటే కత్తెర తీయవచ్చు. ఒప్పుకున్నట్టే లెక్క.

కానీ ఈయన ఎవరు? నలభై ఏళ్లుగా ఎన్నడూ మెల్లగా మాట్లాడని జలాలుద్దీన్. డిసెంబర్ చలిలో ఆయన నుదుటి మీద చెమట పూసలు కట్టి ఉంది.

చప్పుడు చేస్తలేనోళ్లను ముందుగాల చూడాలె.

లేచాను. నిలబడ్డాను. చుట్టూ చూశాను. ఆ గదిలో ప్రమాదం అనదగ్గది మా అమ్మీ ఒక్కతే. మోకాళ్ల మీద కూర్చుని చాచా భుజం తట్టాను.

"చాచా! నా మాట వినవడుతుందా? నా పేరేంది?"

కళ్లు సగం తెరిచాడు. "సాంచా... దారం తెగింది..." అన్నాడు. మాట ముద్దముద్దగా ఉంది. ఛాతీ లేస్తోంది, ఊపిరి ఆడుతోంది. మణికట్టు పట్టుకున్నాను. చల్లగా, తడిగా ఉంది. నాడి ఉరుకుతోంది.

"యా అల్లా!" అమ్మీ నీళ్ల గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "నోట్లె పొయ్యి! నోట్లె పొయ్యి!"

"అమ్మీ, ఆగు! పొయ్యకు! జర నిలవడు!" జీవితంలో మొదటిసారి అమ్మీ మీద గొంతెత్తాను. ఆమె గ్లాసుతో అలాగే నిలబడిపోయింది. "చాచీ, చాచా ఏ మందులు వాడుతడు?"

నాహీద్ చాచీ వంటింట్లోంచి గరిటెతోనే వచ్చింది. "షుగర్ సూది, బేటా. మీ బండి సప్పుడు విన్నడు, అన్నం అరగంటల తింటం గదా అని లోపలికి పోయి వేసుకున్నడు."

"అంటే పన్నెండున్నరకు. ఆఖరిసారి ఎప్పుడు తిన్నడు?"

"పొద్దుగాల ఆరింటికి, సగం రొట్టె. బిర్యానీ ఉన్నది గదా అని..."

అంతా అర్థమైంది. సూది పని మొదలుపెట్టింది, అన్నం రాలేదు. గంట నుంచి ఈ మనిషిని ఆకలితో కూర్చోబెట్టింది మా రివాజూ వాళ్ల రివాజూ మాత్రమే కాదు. మాట తేల్చగలిగి కూడా తేల్చని నేను.

"హుమేరా!" అని అరిచాను. "బయటికి రా!"

నా పిలుపు పూర్తవకముందే పర్దా కదిలింది. పెళ్లిచూపుల పిల్ల పెద్దలు పిలవకుండా బయటికి రాకూడదు. గులాబీ రంగు దుపట్టా, చేతి నిండా గాజులతో హుమేరా వచ్చింది. వాళ్ల అబ్బా ముందు కూర్చుని, గాజులు మోచేతి దాకా తోసుకుని, ఒకే మాట అంది.

"చెప్పు."

"పిలిస్తే కండ్లు తెరుస్తుండు, మాట తడవడుతుంది. ఊపిరి ఆడుతుంది. చెమటలు, చేతులు సల్లగ, నాడి తేజ్. పన్నెండున్నరకు సూది. ఆఖరిసారి ఆరింటికి సగం రొట్టె. నోట్లె ఏం పొయ్యలే. షుగర్ పడ్డదనుకుంటున్న."

హుమేరా తల ఎత్తి నన్ను చూసింది. ఒక్క క్షణమే. నేను చాలా ప్రేమ మాటలు కూడబెట్టుకుని ఉన్నాను, ఏ గురువారమూ సరిగ్గా చెప్పలేకపోయాను. అన్నీ కలిపినా ఈ నాలుగు ముక్కల తూకం రావు.

చాచీ షుగర్ మిషన్ తెచ్చింది. హుమేరా వేలు పొడిచి చూసింది. "నలభై ఆరు. అబ్బా! అబ్బా, ఇటు చూడు. ఒక్క గుటక మింగు." నేను ఆయనను లేపి కూర్చోబెట్టి పట్టుకున్నాను. చాచా మింగగలుగుతున్నాడని చూసుకున్నాక హుమేరా చేయి చాచింది. నేను అందించింది అమ్మీ ముట్టని ఎర్ర షర్బత్. కొద్దికొద్దిగా తాగించింది.

"పదిహేను నిమిషాలు చూద్దాం. లేవకపోతే బండి పిలుద్దాం," అంది.

ఆ పదిహేను నిమిషాలు అందరూ చాచానే చూస్తున్నారు. నేను మాట్లాడాను. ఇంక లెక్కలు మిగల్లేదు.

"అమ్మీ, హుమేరా డ్యూటీ మానదు. గీ మాట నేను గంట కిందనే చెప్పాలె. ఆమెకు మాటిచ్చిన. నీకు కోపం వస్తదని, మెల్లగ నడుమల చెప్దామని ఆగిన. గా ఆగుడే చాచా మీదికి వచ్చింది. కోడలు రోడ్ల మీద తిరుగుతదని నీకు రందైతే, ఆ రోడ్డు మీదనే ఆమె బతికిచ్చిన బక్కయ్య కాడికి పో, ఆయన ముందర చెప్పు. ఆమె డ్యూటీకి పోతది. సద్ది నేను కడుత."

అమ్మీ పలకలేదు. నీళ్ల గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. నిమిషం గడిచింది. రెండు. ఆమె మౌనం కూడా నాకు అలవాటు లేనిదే. దగ్గరికి వెళ్లి భుజం తట్టాను.

"అమ్మీ? నా మాట వినవడుతుందా?"

"ఊపిరి ఆడుతుంది తియ్యిరా," అంది అమ్మీ. "నాడి గూడ చూస్తవా ఏంది?"

పర్దా పక్కన నాహీద్ చాచీ ఏడుస్తూ ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. అంతలో తకియా వైపు నుంచి కిటికీ అద్దాలు అదిరాయి.

"...మానది! నా బిడ్డ డ్యూటీ మానది!" జలాలుద్దీన్ చాచా ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే అందుకున్నాడు. చుట్టూ చూశాడు. "ఏంది? అందరు నా మీద పడ్డరేంది? నాహీద్! ఇంక అన్నం పెట్టలేదా?"

మిషన్ ఎనభై నాలుగు చూపించింది. హుమేరా వెనక్కి జారి గోడకు ఆనుకుని కూర్చుంది. ఊరి వాళ్లందరి నాడీ చూసే ఆ చేతులు మిషన్ మూతను రెండుసార్లు తప్పుగా పెట్టాయి. వాటిని దుపట్టా కింద దాచుకుంది. నేను చూడనట్టు నటించాను.

అమ్మీ గ్లాసు కింద పెట్టింది. చాచా ముందు మిగిలిన షర్బత్ గ్లాసు ఒకటి ఎత్తి చూసింది. ఆ గదిలో ఉన్న అందరికీ ఆ గ్లాసు అంటే ఏమిటో తెలుసు. అమ్మీ గటగటా సగం తాగి, మూతి తుడుచుకుంది.

"అన్నాలకు దస్తర్‌ఖాన్ పరువుండ్రి," అంది చాచీతో. "ముందుగాల భాయ్‌సాబ్‌కు పెట్టు. మెహమాన్లు ఎనక తింటరు. ఇగ మేము మెహమాన్లం గాదు గదా." తర్వాత హుమేరా వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "బేటీ, నాకు గూడ బీపీ ఉన్నది. డ్యూటీ దిగినంక జర నా చెయ్యి గూడ చూడు."

హుమేరా లేచి ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకు అద్దుకుంది. నాడి చూడలేదు.

బిర్యానీ చల్లారింది. అయినా అందరం తిన్నాం. తిన్నాక నేను పళ్లెం పట్టుకుని చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లాను. పక్క వీధిలో సాంచాలు టకటకమంటున్నాయి. వెనక గాజుల చప్పుడు.

"గంట ఆలస్యం," అంది హుమేరా.

"తెలుసు."

"సలామ్ చెప్పి పంపిద్దామని చెప్పులు గూడ తొడుక్కున్న. నువ్వు 'ఆఖరిసారి ఎప్పుడు తిన్నడు' అని అడిగినవ్ చూడు, గప్పుడు ఇడిచిన."

"గది మీ లిస్టుల ఉన్నదే గదా."

ఆమె దగ్గరికి వచ్చి నా చేతిలోని, మెతుకులు కూడా సరిగ్గా అంటని పళ్లెం చూసింది. నిజానికి చాచాకు వడ్డిస్తూ, అమ్మీకి వడ్డిస్తూ, నేను తిన్నది ఒక్క గరిటె.

"గింతేనా?" అంది హుమేరా.

నా మణికట్టు పట్టుకుంది. గడియారం మాత్రం చూడలేదు.